రాయబారి కూతురికి మంచినీళ్ళు

మా అత్తగారు అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటికి వచ్చిన నాటి నుంచీ గుమ్మంలోకి వచ్చిన ప్రతివాడికీ మంచినీళ్ళిచ్చేది. ఎవరని లేదు. పోస్ట్‌మాన్, గ్యాస్ మీటరు చూసేవాడు, తమ దేవుణ్ణి నమ్ముకోమని కరపత్రాలు పట్టుకొచ్చే ముసలమ్మలు, అందరికీ స్టీలు గ్లాసు నిండా నీళ్ళు. ఎండాకాలమైతే సరే అనుకోవచ్చు, బయట మోకాల్లోతు మంచు పడి ఉన్నప్పుడు కూడా అదే వరస. వాళ్ళు 'నో థాంక్యూ' అన్నా కదిలేది కాదు. చాచిన చెయ్యి చాచినట్టే ఉంచి నిలబడేది. పాపం వాళ్ళే ఓడిపోయి రెండు గుక్కలు తాగి వెళ్ళేవారు. మా పోస్ట్‌మాన్ కొన్నాళ్ళకి అలవాటుపడిపోయి, ఉత్తరాలు పెట్టెలో వేశాక కాస్త ఆగి తలుపువైపు చూసేవాడు.

మావారికి తల కొట్టేసినట్టుండేది. "అమ్మా, ఇక్కడ ఎవరూ అలా ఇవ్వరు. అందులో ఏదో మిక్స్ చేశామనుకుంటారు" అనేవారు.

"తాగకపోతే పారబోసుకోమను. నాకేటి?" అనేది ఆవిడ.

ఆవిడ రంగంలో పుట్టిన మనిషి. మా ఉత్తరాంధ్రవాళ్ళకి రంగం అంటే వేరే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను, బర్మాలోని రంగూన్. స్టీమరెక్కి రంగం వెళ్ళి బాగుపడ్డవాళ్ళూ, రంగం వెళ్ళి అయిపూ అజా లేకుండా పోయినవాళ్ళూ మా వైపు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఆవిడ తండ్రికి అక్కడ రేవు దగ్గర చిన్న బట్టలకొట్టు ఉండేది. జపాన్ విమానాలు బాంబులు వేసిన రోజున కొట్టు పోయింది, కొట్టుతోపాటు వీధి కూడా పోయింది. స్టీమర్లలో చోటు తెల్లవాళ్ళకీ, కలిగినవాళ్ళకీ సరిపోయింది. మిగతావాళ్ళు నడిచారు. ప్రోమ్ దాటి, అరకాన్ కొండలెక్కి, దిగి, మళ్ళీ ఎక్కి. ఆవిడకప్పుడు పన్నెండేళ్ళు, తమ్ముడికి ఆరు. దారిలో వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళు నీళ్ళు అని ఏడుస్తుంటే, మరచెంబు అడుగున మిగిలిన గుక్కెడు నీళ్ళూ తండ్రి మర్నాటికి దాచాడట. తెల్లారేసరికి పిల్లాడు లేడు. ఆ నీళ్ళు తాగడానికి ఎవరికీ మనసు రాలేదట. రాళ్ళమీద పోసేసి, చెంబు అక్కడే వదిలేసి నడిచారట.

ఇది ఆవిడ నాకు ఏడుస్తూ చెప్పలేదు. వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ చెప్పింది. చెప్పడం అయ్యాక, "కూరలో అల్లం ఎక్కువేసెయ్యకు" అంది.

ఇక నా గోల. డెబ్బైల చివర్లో పెళ్ళి చేసుకుని, కార్ల కంపెనీలో ఇంజనీరైన మొగుడి వెంట మిషిగన్ వచ్చాను. విశాఖలో హిస్టరీలో ఎం.ఏ. చేసినదాన్ని. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని కిటికీలోంచి మంచు చూడలేక యూనివర్సిటీలో పిహెచ్.డి.లో చేరాను. మా ప్రొఫెసర్ నా చేతిలో ఒక జపాన్ రాయబారిని పెట్టాడు. "నువ్వూ ఏషియనే కదా, నీకు తేలిగ్గా అర్థమవుతాడు" అన్నాడు. విశాఖపట్నానికీ టోక్యోకీ ఎంత దూరమో ఆ మహానుభావుడికి పట్టలేదు. సరేనని భాష నేర్చుకున్నాను. ఏళ్ళ తరబడి ఆ బొమ్మల అక్షరాలతో కుస్తీ పట్టాను. వంట చేస్తూ కూడా గోడకంటించిన అక్షరాలు వల్లెవేస్తుంటే, మావారి స్నేహితులు చూసి నవ్వుకునేవారు.

ఆయన పేరెందుకు లెండి, రాయబారి అందాం. చక్రవర్తి పాలన వెలిగిపోతున్న రోజుల్లో పుట్టాడు. తండ్రి చితికిపోయిన సమురాయ్ వంశం మనిషి. కొడుకు లా చదివి, విదేశాంగశాఖ పరీక్ష నెగ్గి, చిన్న కార్యదర్శిగా లండన్ వెళ్ళాడు. అక్కడ పొడుగు టోపీ పెట్టుకోవడం, గులాబీలు పెంచడం నేర్చుకున్నాడు. తర్వాత వాషింగ్టన్‌లో పనిచేశాడు. జపాన్‌వాళ్ళు ఇక్కడికి వలస రాకూడదని అమెరికా చట్టం చేసినప్పుడు ఇక్కడే ఉన్నాడు. కాలిఫోర్నియాలో ఒక హోటల్లో గది లేదు పొమ్మన్నారట. రాయబార కార్యాలయం కార్డు చూపించగానే గది ఊడిపడిందట. ఆ రాత్రి నిద్రపట్టక, కార్డు లేని తనవాళ్ళ గతేమిటని డైరీలో రాసుకున్నాడు. అది చదివిన రోజు నాకు ఆయన మీద నిజంగానే ప్రేమ పుట్టుకొచ్చింది. అపార్ట్‌మెంట్ ఖాళీ ఉందని ఫోన్‌లో చెప్పి, మా ముఖాలు చూడగానే లేదన్నవాళ్ళని నేనూ చూశాను మరి.

తర్వాత ఆయన రాయబారి అయ్యాడు, విదేశాంగమంత్రి అయ్యాడు, ఎగువసభలో కూర్చున్నాడు. సైన్యంతో పడక ఒకసారి రాజీనామా చేశాడు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! మళ్ళీ పిలిస్తే మళ్ళీ వెళ్ళాడు. యుద్ధంలోకి దిగిన మంత్రివర్గంలో ఆయనకీ ఒక కుర్చీ ఉంది. యుద్ధానికి తాను లోలోపల వ్యతిరేకమని తర్వాత రాసుకున్నాడు. లోలోపలే. ఓడిపోయాక కొన్నాళ్ళు జైల్లో పెట్టి, విచారణ లేకుండానే వదిలేశారు. చివరికి తన ఇంట్లో, గులాబీల మధ్య, పిల్లలందరూ చుట్టూ ఉండగా పోయాడు.

మా ప్రొఫెసర్ పేరుప్రతిష్ఠలన్నీ ఇలాంటి వాళ్ళమీదే నిలబడ్డాయి. వీళ్ళు శాంతికాముకులనీ, పాపమంతా సైన్యానిదేననీ, వీళ్ళు మధ్యలో చిక్కుకుపోయారనీ ఆయన వాదన. నేనూ ఆ దారిలోనే రాసుకుంటూ పోయాను. ఆఖరి అధ్యాయం ఒక్కటే మిగిలింది.

రాయబారి కాగితాలన్నీ ఆయన చిన్నకూతురి దగ్గర ఉన్నాయి. యుద్ధం అయ్యాక ఒక అమెరికన్‌ని పెళ్ళి చేసుకుని వచ్చేసిన ఆవిడ, భర్త పోయాక మాకు గంట దూరంలో ఒంటరిగా ఉండేది. కాగితాలు చూడనిచ్చింది. కానీ వాటిలోంచి ఒక్క వాక్యం థీసిస్‌లో ఎత్తి రాయాలన్నా ఆవిడ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే థీసిస్ లేదు, నా ఏళ్ళ చాకిరీ గంగలో కలిసినట్టే.

ఒక ఉత్తరం రాసి పంపమన్నాడు ప్రొఫెసర్. నాకు అలా చేతకాలేదు. ఒక మనిషిని ఇంత పెద్ద పని అడుగుతూ ఒక పూట భోజనం కూడా పెట్టకపోవడమా? మన ఇళ్ళలో ఎక్కడైనా ఉందా? ఆవిణ్ణి భోజనానికి పిలిచాను. మనవాళ్ళం మాత్రమే చేసే తప్పు ఇది. ఈ దేశంలో సంతకంతో పోయేదాన్ని అన్నంతో కలుపుతాం.

అత్తగారికి ముందే చెప్పాను, ఫలానా ఆయన కూతురు వస్తోందని. ఆవిడ కూర తరుగుతూ, "రంగం మీద బాంబులేసినప్పుడు ఆయన కొలువులో ఉన్నాడేటి?" అంది.

"ఉన్నాడు అత్తయ్యా. కానీ ఆయన మంచివాడే..."

ఆవిడ కూర తరగడం ముగించి పొయ్యి వెలిగించింది. అరటికాయ కూర, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు అన్నీ తనే చేసింది. నా గుండె కుదుటపడింది.

రాయబారి కూతురు పెద్ద అమెరికన్ కారులో వచ్చింది. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల జపాన్ కారు రోడ్డెక్కితే చాలు, తిట్లు. ఉద్యోగాలు పోతున్నాయన్న కడుపుమంట. ఒకసారి టీవీలో కొంతమంది జపాన్ కారుని సమ్మెటలతో చితక్కొట్టడం చూపిస్తే, మా అత్తగారు బుగ్గన చెయ్యి పెట్టుకుని, "ఓలమ్మా, కారేటి సేసింది పాపం!" అంది. జపాన్ అంటే నిజంగా మండాల్సిన మనిషి మా వీధి మొత్తంలో ఆవిడొక్కతే. ఆవిడేమో కారుమీద జాలిపడుతోంది.

అతిథి లోపలికి వచ్చింది, చెప్పులు విడిచి వంగి నమస్కరించింది, సోఫాలో కూర్చుంది. తెల్లటి జుట్టు, ముత్యాల హారం, ఎంతో మర్యాద. నేను వంటింటి గుమ్మం వైపు చూశాను. అత్తగారు వెంటనే రాలేదు. కాసేపటికి వచ్చింది గానీ, చేతిలో గ్లాసు లేదు. వచ్చి, ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

 ఆవిడ నోరు చేసుకుంటుందేమోనని భయపడ్డాను గానీ, ఇది తట్టలేదు. పోస్ట్‌మాన్‌కి ఇచ్చిన మనిషి, మీటరువాడికి ఇచ్చిన మనిషి, ఈవిడకి ఇవ్వలేదు. అతిథికి ఇదేమీ తెలియదు, హాయిగా నవ్వుతూ కూర్చుంది. నేను నీళ్ళు తేబోయి సగం లేచాను. అత్తగారు నా వైపు ఒక్క చూపు చూసింది. కూర్చుండిపోయాను.

భోజనానికి కూర్చుంటే బల్లమీద కంచాలున్నాయి, గ్లాసులు లేవు. రాయబారి కూతురు అన్నీ కొంచెం కొంచెం రుచి చూసి మెచ్చుకుంది. పండుమిరపకాయ పచ్చడిని టమాటా ఏదో అనుకుని చెంచాడు నోట్లో పెట్టుకుంది. నేను వద్దనేలోపే మింగేసింది. ఇక చూడండి, ముఖం కందగడ్డైపోయింది, దగ్గు, కళ్ళవెంట నీళ్ళు, ఊపిరాడటం లేదు. నేను లేచేలోపే అత్తగారు లేచింది. గబగబా వెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, వీపు రాసింది. "తాగు తల్లీ, తాగు" అంది. తల్లీ అనేసింది కూడా.

అతిథి తేరుకుని, కళ్ళు తుడుచుకుని, తల్లీ అంటే ఏమిటో నన్నడిగి తెలుసుకుని, మా అత్తగారి చెయ్యి పట్టుకుంది. "మీ అత్తగారు ఎంత మంచి మనిషి! మా నాన్నకి ఇండియన్స్ అంటే ఎంతో ప్రేమ. ఏషియా అంతా ఒకే కుటుంబం అనేవారు" అంది ఇంగ్లీషులో.

"ఏటంటంది?" అంది అత్తగారు.

చెప్పాను. అత్తగారు తన చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుంది.

"అయితే ఆవిడికి సెప్పమ్మా" అని మొదలుపెట్టింది. రేవు, కొట్టు, బాంబులు, కొండలు, మరచెంబు, తమ్ముడు. ఒక్కో మాటా చెప్పి ఆగేది, నేను ఇంగ్లీషులోకి మార్చేదాకా. నేను ఒక్క ముక్క తగ్గించలేదు, ఒక్క ముక్క మెత్తబరచలేదు. నా డిగ్రీ నా నోటితోనే జారిపోతోందని తెలుస్తూనే ఉంది. అయినా ఆ పిల్లాడి దాహాన్ని నేను ఎలా మింగను?

రాయబారి కూతురు తల వంచుకుని అంతా విన్నది. తర్వాత నాప్‌కిన్‌తో పెదవులు అద్దుకుని, "నాకు చాలా బాధగా ఉంది. కానీ అది ఆర్మీ చేసిన పని. మా నాన్న ఫారిన్ మినిస్ట్రీలో ఉండేవారు" అంది.

అచ్చం అదే మాట. మా ప్రొఫెసర్ పుస్తకాల్లో ఉన్న మాట. నా అధ్యాయాల్లో ఉన్న మాట. మా అన్నం బల్ల దగ్గర, పులుసు గిన్నెకీ పచ్చడి జాడీకీ మధ్య వినపడితే ఎంత నీచంగా ఉందో!

"ఏటంటంది?"

చెప్పాను.

అత్తగారు నా వైపు తిరిగింది. "మరి ఆ ఆర్మీవోళ్ళూ, ఈయనా ఒక్క బల్ల చుట్టూ కూకోలేదేటి? అడుగు."

అడిగాను. రాయబారి కూతురు చిరునవ్వు నవ్వింది. కూర చాలా రుచిగా ఉందంది. ఇంటికి పొద్దుపోకముందే చేరాలంది. గుమ్మం దగ్గర మా ఇద్దరికీ మళ్ళీ వంగి నమస్కరించి వెళ్ళిపోయింది.

నేను ఆఖరి అధ్యాయం మళ్ళీ రాశాను. ఆ మంత్రివర్గ సమావేశంలో రాయబారి నోరు మెదపలేదని ఆయన కాగితాలే చెబుతున్నాయి. అది రాశాను. దాని కింద ఒక్క పేరా, అరకాన్ దారిలో ఒక ఆరేళ్ళ పిల్లాడు. బతికి వచ్చిన అక్క చెప్పగా విన్నది అని స్పష్టంగా రాశాను.

ప్రొఫెసర్ ఆ పేరా మీద ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా గీత గీశాడు. "ఇది సోర్స్ కాదు, ఫ్యామిలీ స్టోరీ" అన్నాడు.

"మరి 'మా నాన్న లోలోపల యుద్ధానికి వ్యతిరేకం' అని రాయబారి కూతురు చెప్పింది కదా, దాన్ని మీరు మీ వ్యాసంలో వాడుకున్నారు. అది ఏమిటి?"

"అది సాక్ష్యం" అన్నాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

మంత్రిగారి కూతురు నోరు విప్పితే సాక్ష్యం, బట్టలకొట్టువాడి కూతురు నోరు విప్పితే కథ. అక్కడే ఆ బల్ల మీద నా కాగితాలన్నీ విసిరికొట్టాలనిపించింది. కొట్టలేదు. పేరా తియ్యనని మాత్రం చెప్పి వచ్చేశాను.

ఇంట్లో మావారు కూడా, "ఆ ఒక్క పేరా డ్రాప్ చెయ్యి. డిగ్రీ తీసుకో. తర్వాత నీ ఇష్టమొచ్చింది రాసుకో. ప్రాక్టికల్‌గా ఆలోచించు" అన్నారు.

"ఆ పేరాలో ఉన్నది మీ మేనమామ" అన్నాను.

ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. అత్తగారు మా మాటలు వింటూనే ఉంది. "నా గురించి నీ సదువు పాడు సేసుకోకమ్మా" అంది. అని, మళ్ళీ తనే, "అందులో వాడి పేరు రాసేవా?" అంది. రాశానన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఇక ఏ దేవుడు దిగివచ్చి చెప్పినా ఆ పేరా తీసేదాన్ని కాదు.

రాయబారి కూతురు ఒప్పుకోలేదు. ఎంతో మర్యాదగా ఒప్పుకోలేదు. ప్రొఫెసర్ తన వల్ల కాదని చేతులు దులిపేసుకున్నాడు. మరో ప్రొఫెసర్ కోసం కాళ్ళరిగేలా తిరిగాను. మా ప్రొఫెసర్ని కాదని నన్ను తీసుకునే మొనగాడు అక్కడ ఎవడూ లేడు. అంతే, అయిపోయింది. అత్తగారు తిరిగి ఇండియా వెళ్ళిపోయింది. నేను నేర్చుకున్న భాష మాత్రం వృథా పోలేదు లెండి. ఎనభైల చివరికి మా పక్క ఊరు నోవై వైపు జపాన్ కంపెనీలు ఆఫీసులు తెరిచాయి. బ్రేకులు తయారుచేసే ఒక కంపెనీలో, టోక్యో నుంచి వచ్చే ఫ్యాక్సులు ఇంగ్లీషులోకి మార్చే ఉద్యోగం దొరికింది. నా పాండిత్యమంతా బ్రేకుల పాలయింది.

అత్తగారు రెండోసారి వచ్చిన ఏడాదే ప్రొఫెసర్ పుస్తకం వచ్చింది. రాయబారి జీవితచరిత్ర. అట్టమీద గులాబీల మధ్య ఆయన ఫోటో. లైబ్రరీలో కొత్త పుస్తకాల అరలో కనపడితే ఇంటికి తెచ్చాను. నేను ఇంగ్లీషులోకి మార్చిన వాక్యాలు, నేను తేదీలు సరిచూసిన కాగితాలు, వరసగా అన్నీ ఉన్నాయి. నా పేరు లేదు. అది ముందే ఊహించాను కాబట్టి పెద్దగా నొప్పి పుట్టలేదు.

ఆఖరి పేజీ మాత్రం రెండుసార్లు చదివాను. రాయబారి ఏషియా ప్రజలని ప్రేమించాడనీ, ఆ ప్రజలూ ఆయన మనసు అర్థం చేసుకున్నారనీ రాసి, దానికి నిదర్శనంగా ఆయన కూతురు చెప్పిన ఒక సంగతి పెట్టాడు. మిషిగన్‌లో ఒక ఇంటికి ఆవిడ భోజనానికి వెళ్ళిందట. అక్కడ యుద్ధంలో బాధలు పడ్డ ఒక ఇండియన్ వృద్ధురాలు, ఈవిడ ఎవరి కూతురో తెలిసి కూడా, తన చేతులతో స్వయంగా మంచినీళ్ళిచ్చి, తల నిమిరి, తల్లీ అని పిలిచిందట. పుస్తకం అక్కడితో అయిపోయింది.

కథ అన్నది ఇప్పుడు సాక్ష్యమైపోయింది. అదీ సగమే!

చెప్పకుండా ఉందామనుకున్నాను. కానీ అత్తగారు ఎదురుగా కూర్చుని నా ముఖమే చూస్తోంది. "ఆ పెద్దమనిషి పుస్తకమా? మన సంగతి రాసేరేటి?" అంది.

"రాశారు అత్తయ్యా."

"తమ్ముడి సంగతి?"

"లేదు."

"నడిచొచ్చిన సంగతి?"

"లేదు. యుద్ధంలో బాధలు పడ్డ ముసలావిడ అని ఉంది."

"మరేటి రాసేరు?"

"మీరు ఆవిడకి మంచినీళ్ళిచ్చారని రాశారు. అంటే మీ మనసులో ఏమీ లేదని. అంతా మర్చిపోయారని."

ఆవిడ నా వైపు చెయ్యి చాచింది. పుస్తకం తీసుకుని, అట్టమీద గులాబీల మధ్య నిలబడ్డ ఆ మనిషిని చూసింది. తర్వాత నా చేతికిచ్చేసింది.

"దగ్గొచ్చింది కదమ్మా. అందుకిచ్చాను" అంది. "దగ్గని రాయలేదా?"

"లేదత్తయ్యా."

మర్నాడు మధ్యాహ్నం పోస్ట్‌మాన్ వచ్చాడు. పాతవాడే. మంచి ఎండగా ఉంది. ఉత్తరాలు పెట్టెలో వేసి, ఎప్పటిలాగే ఆగి, తలుపువైపు చూశాడు. అత్తగారు సోఫాలో కూర్చుని కిటికీలోంచి వాణ్ణి చూస్తూనే ఉంది. లేవలేదు. నేనూ లేవలేదు. వాడు ఇంకాసేపు నిలబడి, టోపీ తీసి నుదురు తుడుచుకుని, పక్కింటివైపు వెళ్ళిపోయాడు.